పాత జీను, మూడు చుక్కలు



ఈ మధ్య ఏమీ రాయడం లేదేమిటని కొందరు అడిగారు. జీను వెతుకుతున్నాను. నిజంగా గుర్రం మీద వేసే జీనే, మా పెద్దమ్మాయి కోసం. ఏప్రిల్‌లో మొదలుపెడితే ఆగస్టు దాకా పట్టింది. మధ్యలో ఒక మస్లా ఎదురైంది. దాని గురించి రాస్తే మన ఇళ్లలో ఎవరికైనా పనికొస్తుందనిపించింది. గుర్రాల సంగతి మాకెందుకు అనుకునేవాళ్లు కూడా బూట్లు వేసుకుంటారు కదా, కాస్త ఓపిక పట్టి చదవండి.

మేముండేది అమెరికాలో, కెంటకీ రాష్ట్రం, లూయీవిల్. కెంటకీ అనగానే మనవాళ్లకు వేయించిన కోడి గుర్తొస్తుంది. ఇక్కడివాళ్లకు గుర్రం గుర్తొస్తుంది. రేసు గుర్రాలు సరే, అవి కాక ఇక్కడ పుట్టిన ఇంకో జాతి ఉంది, అమెరికన్ శాడిల్‌బ్రెడ్. పొడుగాటి మెడ, ఎత్తిన తల, నడుస్తుంటే మోకాళ్లు పైకి లేస్తాయి. ఆ జాతి సంఘం 1891లో మా ఊళ్లోనే పుట్టింది. ప్రతి ఆగస్టులో కెంటకీ స్టేట్ ఫెయిర్‌లో వాటి ప్రపంచ పోటీలు కూడా ఇక్కడే జరుగుతాయి. ఊరికి తూర్పున ముప్ఫై మైళ్ల దూరంలో షెల్బీవిల్ అని ఒక పట్నం ఉంది. అది ఈ గుర్రాలకు రాజధాని అని వాళ్లే చెప్పుకుంటారు.

ఈ గుర్రాల మీద చేసే సవారీని శాడిల్ సీట్ అంటారు. దూకడాలు, ఆవుల వెంట పరుగులు ఇందులో ఉండవు. నిటారుగా, కొంచెం వెనక్కి కూర్చుని, గుర్రం ముందుభాగానికి పూర్తి ఆజాదీ ఇచ్చి దాని నడకను చూపించడమే హునర్. మామూలు నడక, ట్రాట్, క్యాంటర్ కాక కొన్ని గుర్రాలకు ఇంకో రెండు నడకలు నేర్పుతారు. వాటిలో ఒకదాన్ని ర్యాక్ అంటారు. నాలుగు కాళ్లూ ఒక్కొక్కటిగా, టకటకటకటక, నేలను తాకుతాయి. మీద కూర్చున్నవాళ్ల చేతిలో చాయ్ పెట్టినా ఒలకదేమో అనిపిస్తుంది.

అమ్మాయి రెండేళ్లుగా నేర్చుకుంటోంది. గుంటూరు నుంచి అమ్మీ ఫోన్‌లో మొదట ఒక్కటే సవాల్ వేసింది: "ఆడపిల్లకు గుర్రం సవారీ ఏంట్రా, దుస్తులు ఎలా ఉంటాయి?" ఫోటో పంపాను. మోకాళ్ల దాకా కోటు, మడమల దాకా జోధ్‌పూర్ పంట్లాం, తల మీద హెల్మెట్, దాని కింద చిన్న స్కార్ఫు. అమ్మీ చాలాసేపు చూసి, "ఇది షేర్వానీ కదరా" అంది. ఆ పంట్లాం పేరు మన జోధ్‌పూర్ నుంచే వచ్చిందని చెబితే ఇంకా ఖుష్ అయింది. "మీ దాదా ఉండి ఉంటే..." అని ఆగిపోయింది.

మా దాదా గుంటూరులో జట్కా తోలేవారు. స్టేషన్ దగ్గర బండి నిలిపేవారు. జట్కా సాయిబు మనవడు అమెరికాలో కంప్యూటర్ ముందు కూర్చున్నాడని బంధువులు ఘనంగా చెప్పుకుంటారు గానీ, నాకు ఆయన దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి ఒక్కటే, ఒక జ్ఞాపకం. రాత్రి బండి విప్పాక ఆయన గుర్రం వీపు మీది చిన్న జీనును తిప్పి, దాని అడుగు మెత్తను అరచేత్తో తడిమేవారు. కళ్లు మూసుకుని తడిమేవారు. ఒక కుట్టు లేచినా, ఒక గడ్డిపోచ దూరినా చేతికే తెలుస్తుందనేవారు. తరవాత అదే చెయ్యి గుర్రం వీపు మీద. బేజుబాన్ జానవర్, నొప్పి అని చెప్పలేదు, మనమే అడగాలి అనేవారు. జీను పుండు పడిన గుర్రాన్ని తోలేవాణ్ణి ఆయన సలాం చేసేవారు కాదు.

అందుకే అమ్మాయి "అబ్బా, నాకు సొంత జీను కావాలి" అన్నప్పుడు నా దిల్ మెత్తబడింది. గుర్రం కొనే తాహతు మాకు లేదు. వారానికి మూడు రోజులు సవారీ చేసుకునేలా ఒక ముసలి శాడిల్‌బ్రెడ్‌ను సగం లీజుకు తీసుకున్నాం. జీను బార్న్‌వాళ్లదే. అది పందొమ్మిది అంగుళాలది. ఈ సంవత్సరం అమ్మాయి మాషా అల్లాహ్ ఒక్కసారిగా పొడుగెదిగింది. కూర్చుంటే వెనక గట్టు మీదికి ఎక్కేస్తోంది. కొత్త జీను ధర అడిగి వేలల్లో ఉండడం విని, చాయ్ తాగి ఇంటికొచ్చాను. అప్పుడు మా ట్రెయినరమ్మ చెప్పింది: "కొత్తది నీకెందుకు? మంచి జీను సరిగ్గా చూసుకుంటే మనుషుల కంటే ఎక్కువకాలం బతుకుతుంది. పాతది చూడు. కానీ చూడటం నేర్చుకో."

ట్రెయినరమ్మకు డెబ్బై ఏళ్లు. మాటలు తక్కువ. ఆమె నాకు నేర్పినది చెబుతాను.

ఈ సవారీకి వేసే జీను మిగతా ఇంగ్లీషు జీనుల్లా గుంటగా ఉండదు, బల్లలా చదునుగా ఉంటుంది. మిగతావాటి కంటే పొడుగు కూడా. దూకే సవారీలో పదిహేడంగుళాల జీను మీద కూర్చునే మనిషికి ఇక్కడ ఇరవయ్యొకటి కావాలి. అందుకే అంకె చూసి కంగారు పడకూడదు. పక్క రెక్కలు వెడల్పుగా ఉంటాయి, గుర్రం చెమట పంట్లాంకు అంటకుండా. ముందువైపు, గుర్రం మూపు వచ్చే చోట, తోలును, చట్రాన్ని లోపలికి గుర్రపు నాడా ఆకారంలో కోసేస్తారు. దాన్ని కట్‌బ్యాక్ అంటారు. ఈ గుర్రాల మూపు ఎత్తుగా ఉంటుంది. ఆ కోత వల్ల జీను మూపును నొక్కదు. జీను కొంచెం వెనక్కి కూర్చుంటుంది, భుజాలు కదలడానికి జాగా దొరుకుతుంది. పోటీల్లో దీని కింద గుడ్డ వేయరు. జీను అడుగు మెత్త నేరుగా వీపు మీదే. అంటే తప్పు దాచడానికి మధ్యలో ఏమీ లేదు.

పాత జీనులో మొదట చూడాల్సింది చట్రం. పైకి తోలే కనిపిస్తుంది గానీ లోపల చెక్కా ఇనుమూ కలిపి చేసిన చట్రం ఉంటుంది. అది విరిగితే ఆ జీను ఇక అలంకారానికే. ట్రెయినరమ్మ పద్ధతి ఇది: ముందు కొమ్మును నీ కడుపుకు ఆనించు, వెనక గట్టును రెండు చేతులతో పట్టుకుని నీ వైపు లాగు. స్ప్రింగు చట్రమైతే కొంచెం సాగి మళ్లీ వెనక్కి పోతుంది, గట్టి చట్రమైతే కదలదు. మధ్యలో మడత పడినా, కూర్చునే చోట తోలు అడ్డంగా ముడుతలు పడినా, లోపల కిర్రుమన్నా, సలాం చెప్పి వచ్చెయ్. తరవాత ముందువైపు రెండు భుజాలనూ పట్టుకుని దగ్గరికి నొక్కు, దూరానికి లాగు. అక్కడ టిక్కుమంటే కూడా అంతే.

రెండోది, తిరగేసి చూడటం. వెనక నుంచి చూస్తే మధ్య కాలువ సూటిగా ఉండాలి, రెండు మెత్తలూ ఒకే ఎత్తులో ఉండాలి. లోపల ఊలు గడ్డకట్టి ఉంటే చేతికి గోలీల్లా తగులుతుంది. ఆ మాట ఆమె అనకముందే నా చెయ్యి అక్కడికి వెళ్లింది. కళ్లు మూసుకుని తడుముతుంటే ఆమె, "ఇది ఎవరు నేర్పారు?" అంది. మా తాత అన్నాను. ఆ రోజు నుంచి నాతో నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడుతోంది.

మిగతావి త్వరగా చెబుతాను. గుర్రం కడుపు కింద కట్టే పట్టాను మనం తంగ్ అంటాం. దాన్ని తగిలించే బిల్లెట్ పట్టీలు రెండు వైపులా మూడేసి ఉంటాయి. రంధ్రాలు సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చినా, వంచితే పగుళ్లు కనిపించినా మార్చాలి. అది మార్చగలిగేదే, దాన్ని చూపించి బేరం ఆడండి. రికాబు పట్టీ తగిలే ఇనుప కొక్కేనికి చివర ఒక నాలుక ఉంటుంది. సవారీలో అది తెరిచే ఉంచాలి. మనిషి పడి కాలు రికాబులో ఇరుక్కుంటే పట్టీ జారి ఊడిపోయేది దానివల్లే. అది తుప్పు పట్టి మూసుకుపోయి ఉంటే నూనె వేసినా కదులుతుందో లేదో చూడండి. ఇక, మరీ నిగనిగలాడే పాత జీనును నమ్మకండి. అమ్మేముందు నల్లరంగు, నూనె దట్టించి పగుళ్లు కప్పేస్తారు. రికాబు పట్టీ రాసుకునే చోట తోలును వంచి చూస్తే అసలు ఉమ్ర్ బయటపడుతుంది.

మొదట చూసిన జీను మన దేశానిదే. మా బావమరిది సలహా అది. "భాయిజాన్, ఎందుకు తెల్లోళ్ల పాత సామాను? కాన్‌పూర్‌ది చూడండి, సగం ధరకు వస్తుంది." నిజమే, కాన్‌పూర్ అంటే జీనుల ఊరే. 1860లలో బ్రిటిష్ సైన్యం కోసం అక్కడ ప్రభుత్వ జీనుల కర్మాగారం పెట్టారు. ఇవాళ్టికీ అక్కడి నుంచి ప్రపంచమంతా జీనులు వెళతాయి. ఆ కారీగర్లలో మన బిరాదరీవాళ్లు ఎంతమందో. లూయీవిల్‌లోనే ఒకామె ఒకే ఒక్క సీజన్ వాడిన కాన్‌పూర్ జీనును రెండు వందల డాలర్లకు అమ్ముతోంది. ట్రెయినరమ్మకు చెబితే మొహం చిట్లించి, "ఇండియా జీనా?" అంది. అంతే అంది. కానీ ఆ రెండు మాటలకు నాకు చెవులు వేడెక్కాయి. ఇక దాన్నే కొనాలని ఇరాదా కట్టుకుని వెళ్లాను.

నిజం రాయాలి కదా. తోలు బాగుంది. కుట్టు చాలా బాగుంది, అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టి మరీ చూశాను. కానీ తిరగేస్తే చట్రం మెలి తిరిగి ఉంది. ఎడమ మెత్త కుడిదాని కంటే వేలెడు ఎత్తు. బిల్లెట్లు ఒక్క సీజన్‌కే సాగాయి. తెచ్చి గుర్రం మీద పెడితే కుర్చీకి ఒక కాలు పొట్టైనట్టు ఊగింది. దోషం ఆ కుట్టిన చేతులది కాదు. ఇంత తక్కువకు చేసివ్వు అని ఆర్డరు పెట్టినవాడు ఎక్కడో మిగుల్చుకున్నాడు, చట్రంలో మిగుల్చుకున్నాడు. అదే ఊరి నుంచి మంచి ధరకు మంచి జీనులూ వస్తాయని తరవాత తెలిసింది. నా దగ్గర అసబియ్యత్ ఉంది, కానీ ముసలి గుర్రం వీపు మీద దాన్ని రుద్దలేను కదా. తిరిగి ఇచ్చేశాను. ట్రెయినరమ్మకు కారణం మాత్రం చట్రం అనే చెప్పాను, దేశం కాదు.

రెండోది షెల్బీవిల్‌లో పాత సామాను పెట్టి అమ్మే దుకాణంలో దొరికింది. ఇంగ్లండులో వాల్సాల్ అని ఒక ఊరుంది, అక్కడిది. ఆ ఊరికి జీనుల పని ఎంత పేరు తెచ్చిందంటే వాళ్ల ఫుట్‌బాల్ జట్టును కూడా "జీనులవాళ్లు" అనే పిలుస్తారు. ముప్ఫై నలభై ఏళ్ల జీను. చట్రం ఉక్కు. మెత్తలు సమంగా. తోలు తేనె రంగు తిరిగి, పాత ఖురాన్ జిల్దులా మెరుస్తోంది. ఇరవై అంగుళాలు. అమ్మాయి ఎక్కి కూర్చుంటే వెనకాల నాలుగు వేళ్ల జాగా ఉంది, సరిగ్గా ఎంత ఉండాలో అంత. ఆరు వందల యాభై అడిగారు. గుర్రం మీద పెట్టి చూసుకోమని వారం గడువిచ్చారు. పెట్టాం. దర్జీ కొలిచి కుట్టినట్టు కూర్చుంది.

అమ్మాయి కిందికి దిగి దాన్ని కావలించుకుంది. ట్రెయినరమ్మ కూర్చునే చోట వేలు రాసి, మెచ్చుకోలుగా అంది: "అసలైన పంది తోలు సీటు. ఈ రోజుల్లో ఇలాంటివి చెయ్యడం లేదు."

నేను వినలేదేమో అనుకున్నాను. మళ్లీ అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. పాత ఇంగ్లీషు జీనుల్లో కూర్చునే భాగానికి చాలావరకు పంది తోలే వాడేవారట. పలచగా ఉంటుంది, చట్రం మీద లాగితే చక్కగా సాగి అతుక్కుంటుంది, అరగదు. రెక్కలకు ఆవు తోలు, సీటుకు పంది తోలు. వెలుతురులో వంచి చూపించింది. చిన్న చిన్న చుక్కలు, మూడేసి గుంపుగా, త్రికోణంలా. పంది వెంట్రుకలు చర్మంలో అలా మూడేసి మొలుస్తాయి. ఒకసారి చూశాక ఇక కనిపించకుండా ఉండదు.

అప్పుడు అమ్మాయి మెల్లగా వెళ్లి రెండేళ్లుగా తను వాడుతున్న బార్న్ జీనును గూటిలోంచి తీసింది. దాని మీదా మూడు చుక్కలే.

ఇంటికొచ్చేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు. రింగురోడ్డు ఎక్కాక అమ్మాయి అంది: "అబ్బా, నేను బార్న్ నుంచి వచ్చి అదే పంట్లాంతో అసర్ చదివేదాన్ని. ఆ నమాజులన్నీ?" పదమూడేళ్ల పిల్ల. నా దగ్గర జవాబు లేదు. నాకు వచ్చిన ఆలోచన ఇంకా సిగ్గుచేటుది. తెలియకపోయి ఉంటే ఎంత బాగుండేది, ఆరు వందల యాభైకి అలాంటి జీను మళ్లీ దొరకదు అని.

మా మసీదుకు వచ్చే ఆలిమ్ ఒకాయన హైదరాబాద్‌లో చదువుకున్నవారు. ఆయనను అడిగాం. మన హనఫీ మస్లక్‌లో జానవర్ చర్మానికి దబాగత్ చేస్తే, అంటే తోలుగా ఊనిస్తే, పాక్ అవుతుంది. పంది చర్మం మాత్రం దబాగత్ చేసినా పాక్ కాదు. కాబట్టి కొనడం, వాడటం వద్దు అన్నారు. వేరే రాయ్ ఉన్న ఉలమా కూడా కొందరు ఉన్నారని దాచకుండా చెప్పారు, కానీ మనం నడిచే దారి ఇది అన్నారు. మరి జరిగిపోయిన నమాజులు? ఆయన అమ్మాయి వైపే చూసి చెప్పారు: తెలియక జరిగిందానికి వస్వసా పెట్టుకోకు బేటీ, తెలిసింది ఇవాళ, లెక్క ఇవాళ్టి నుంచే. పొడిబట్టకు పొడితోలు తగిలినంత మాత్రాన నజాసత్ అంటుకోదని, చెమట, తడి ఉన్నప్పటి సంగతి వేరని, అలాంటప్పుడు బట్ట మార్చి చదవమని చెప్పారు. ఇది మాకు చెప్పిన మాట. మీకు మస్లా వస్తే మీ ఆలిమ్‌ను మీరు అడగండి, నా బ్లాగు చూసి ఫత్వా తీసుకోకండి.

అమ్మాయికి తసల్లీ దొరికింది గానీ కోపం పోలేదు. కోపం నా మీద. రాత్రి అన్నం దగ్గర అడిగింది: "బిస్కట్ పాకెట్ వెనక చిన్న అక్షరాలు చదివి జెలటిన్ ఉందని వెనక్కి పెట్టిస్తావు. రెండేళ్లు నేను దేని మీద కూర్చున్నానో ఎందుకు అడగలేదు?" మా బేగం నా కంచంలో పులుసు పోస్తూ నవ్వు ఆపుకుంది. అన్నం కాగానే అమ్మాయి టార్చి లైటు తీసుకుని ఇల్లంతా తనిఖీ మొదలుపెట్టింది. నా బెల్టు, పర్సు పాస్ అయ్యాయి. తోటపని గ్లవ్స్ ఫెయిల్. తరవాత ఆఫీసు బూట్లు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పైన ఆవు తోలే. లోపలి అస్తరు, మడమ తగిలేచోట, మెత్తటి లేత గోధుమరంగు తోలు. మూడు చుక్కలు. నాలుగేళ్లుగా తొడుగుతున్న బూట్లవి. వేసవిలో సాక్సుల్లో చెమట పట్టిన కాళ్లతో.

ఆ రాత్రి ఆ బూట్లను బయట పెట్టేశాను. బూట్లలో లోపలి అస్తరుగా, గ్లవ్సుల్లో, స్వేడ్ సామానులో ఈ తోలు వాడటం మామూలే, పైన "అసలు తోలు" అని మాత్రమే రాసి ఉంటుంది. అబద్ధం కాదు, తోలే. ఏ తోలు అన్నది మనం అడగాలి.

వాల్సాల్ జీనును గడువు కంటే రెండు రోజులు ముందే తిరిగి ఇచ్చేశాం. అమ్మాయే మోసుకెళ్లి కౌంటర్ మీద పెట్టింది. ఏడవలేదు, కానీ కారు దాకా వెనక్కి చూడకుండా నడిచింది. ట్రెయినరమ్మకు ఎలా చెప్పాలా అని నేను రెండు రోజులు మాటలు కూర్చుకుంటే, విని ఆమె అన్నది ఒక్కటే: "మొదటి రోజే చెప్పి ఉంటే అయిపోయేది కదా." ఆ శనివారం వెళ్లేసరికి గూట్లో ఒక ఆవు తోలు జీనుకు పచ్చ రిబ్బను కట్టి ఉంది. మా అమ్మాయికి అది తప్ప వేరేది వెయ్యొద్దని సాయీసు పిల్లలకు చెప్పిందట. అది కూడా చిన్నదే, మోకాళ్లు ముందుకు వచ్చేస్తున్నాయి. అయినా రెండు నెలలు దాని మీదే చేసింది.

మూడో జీను ఆగస్టులో పోటీలు జరిగే వారంలో దొరికింది. దేశం నలుమూలల నుంచి జనం వస్తారు, పాతవి అమ్ముకుంటారు. ఒక కుటుంబం, వాళ్ల అమ్మాయి కాలేజీకి వెళ్లిపోతోందట, ఇరవయ్యొక్క అంగుళాల జీను. ఐదు వందలు. మా అమ్మాయికి ఇప్పుడు ఒక వేలు ఎక్కువ, ఒక సంవత్సరంలో సరిపోతుంది. చట్రం పరీక్ష అమ్మాయే చేసింది, కడుపుకు ఆనించుకుని, పళ్లు బిగించి లాగింది. గట్టిగా ఉంది. బిల్లెట్లు పాడైపోయాయి. కుడి మెత్తలో ఊలు గడ్డకట్టింది. సీటు నున్నగా ఉంది, చుక్కల్లేవు, దూడ తోలు అన్నారు. కానీ రెక్కలు చూసి మాకు గుండె ఆగింది. రెక్కల నిండా చుక్కలు.

కొనకుండా, బయానా కూడా ఇవ్వకుండా, వాళ్లను ఒప్పించి జీనులు బాగుచేసే ఒక పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి రెక్కను ఎత్తాడు. "ఇది అచ్చు" అన్నాడు. ఆవు తోలు మీద పంది తోలు గుర్తులు అచ్చొత్తుతారట, సీటుకు రెక్కకు అందం కలవాలని. గుర్తుపట్టడం ఇలా: అచ్చు చుక్కలు వరుసగా, ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది. అసలైనవాటికి వరుస ఉండదు, చోటును బట్టి దగ్గరగా, దూరంగా ఉంటాయి. పైగా పంది వెంట్రుక చర్మం మందమంతా గుచ్చుకుని ఉంటుంది కాబట్టి రంధ్రం అవతలివైపు కూడా కనిపిస్తుంది. రెక్క అడుగున చూపించాడు, నున్నగా ఉంది, ఒక్క రంధ్రం లేదు. అంచు మందం చూపించి, ఇంత దళసరి తోలు పందికి ఉండదు అన్నాడు. సీటు అడుగు కనిపించదు కదా అని అమ్మాయి పట్టు వదల్లేదు. ఎలాగూ బిల్లెట్లు మార్చడానికి అడుగు విప్పాలి, అప్పుడు అంచు మడత చూపిస్తాను, కాకపోతే నా కూలీ వద్దు అన్నాడు. విప్పాడు. దూడ తోలే.

బిల్లెట్లకు, మెత్తలో కొత్త ఊలు కూరడానికి నూట అరవై తీసుకున్నాడు. మొత్తం ఆరు వందల అరవై. వాల్సాల్ జీను కంటే పది డాలర్లు ఎక్కువ పడింది, అంత అందంగానూ లేదు. తేనె రంగు లేదు, మామూలు గోధుమరంగు. ఎడమ రెక్క మీద ఆ కాలేజీ అమ్మాయి గోటితో గీసిన ఒక చిన్న నక్షత్రం ఉంది. మా అమ్మాయి దాన్ని నూనెతో తుడవకుండా వదిలేసింది.

మొన్న ఆదివారం మొదటిసారి వేసింది. గుడ్డ లేకుండా, నేరుగా వీపు మీద. సవారీ ముందు మూపుకు, కట్‌బ్యాక్‌కు మధ్య మూడు వేళ్లు దూర్చి చూసింది. దూరాయి. సురా అల్ ఆదియాత్ మెల్లగా చదువుకుంటూ ఎక్కింది. ఎందుకంటే అది పరుగెత్తే గుర్రాల సురా, చిన్నప్పటి నుంచీ తనకు ఇష్టం. నలభై నిమిషాలు చేసింది. ఆ ముసలి గుర్రానికి ర్యాక్ ఇంకా గుర్తున్నట్టుంది, ఒక చుట్టు చివర పది పన్నెండు అడుగులు టకటకలాడించింది. ట్రెయినరమ్మ కంచె మీద నుంచి "అదీ!" అని అరిచింది.

దిగాక జీను విప్పి వీపు మీద చెమట గుర్తు చూశాం. జీను సరిగ్గా ఆనితే రెండు వైపులా ఒకేలా తడి పరచుకోవాలి. మధ్యలో పొడి మచ్చ ఉంటే అక్కడ ఎక్కువ నొక్కుతోందో, అసలు ఆనడమే లేదో అన్నమాట. అమ్మాయి జీనును తిప్పి గడ్డి మీద పెట్టి, అడుగు మెత్తను అరచేత్తో ముందు నుంచి వెనక్కి తడిమింది. కళ్లు మూసుకుని. తనకు నేను దాదా సంగతి ఎప్పుడు చెప్పానో, అసలు చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. తరవాత అదే చెయ్యి గుర్రం వీపు మీద పెట్టింది.

"అబ్బా, కుడివైపు వెనకాల రూపాయి బిళ్లంత పొడిగా ఉంది," అంది.

శనివారం మళ్లీ ఆ పెద్దమనిషి దగ్గరికి వెళ్లాలి. ఊలు కొంచెం తగ్గించాలట.